చాలాకాలం ఆగిన కారును స్టార్ట్ చేసే ముందు: ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా చేయాల్సిన పనులు

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు తెలుగువాళ్ల ఇళ్ల పక్కన బరకం కప్పి నిలబెట్టిన కారు కనిపించడం మామూలే. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాల్లో ఉంటారు. పెద్దాయన డ్రైవింగ్ మానేసి ఉంటారు, లేదా ఆయన కాలం చేసి ఉంటారు. బండి అమ్మడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. దసరాకో సంక్రాంతికో వచ్చిన కొడుకు కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తాడు, స్టార్ట్ అవుతుందేమో చూద్దామని తాళం తిప్పుతాడు. బాగుచేయగలిగిన బండి చాలాసార్లు ఆ ఒక్క తిప్పుడుతోనే పాడవుతుంది. ట్యాంకు అడుగున పేరుకున్న నీరు, తుప్పు, బంక అప్పటిదాకా అక్కడే ఉంటాయి. పంపు తిరగగానే అవి పైపుల్లోకి, ఫిల్టర్‌లోకి, ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లలోకి చేరతాయి. ట్యాంకు కడిగితే సరిపోయే పని కాస్తా పంపు, ఇంజెక్టర్లు మార్చేదాకా వస్తుంది.

అందుకే తాళం చివరికి ఉంచండి. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, ఇంధనం వెళ్లే దారిలోనే ఒక్కొక్కటి చూసుకుంటూ ఇంజిన్ దాకా రండి. స్పానర్ పట్టడం వచ్చినవారు దీనిలో చాలా భాగం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి, అవి వచ్చినప్పుడు చెబుతాను.

నిలవ ఉన్న ఇంధనానికి ఏమవుతుంది

పెట్రోలు చాలా పదార్థాల మిశ్రమం. అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు కొన్ని, నెమ్మదిగా ఆవిరయ్యేవి కొన్ని. చల్లగా ఉన్న ఇంజిన్ అంటుకోవడానికి కావాల్సింది ఆ తేలిక భాగాలే, నెలలు గడిచేకొద్దీ ముందు పోయేవీ అవే. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముదిరి బంక కడుతుంది. పనసకాయ కోసినప్పుడు చేతికి అంటుకునే పాలలాగా మొదట జిగురుగా ఉంటుంది, ఎండితే గట్టిపడుతుంది, నీళ్లకు వదలదు. పాత బండ్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో వెంట్రుక మందం రంధ్రాలు మూసుకుపోవడానికి ఇది కొంచెం చాలు.

దీనికి తోడు ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది. 2022లో దేశమంతటా 10 శాతం కలిపే లక్ష్యం చేరారు, 2025 నాటికి అది 20 శాతమైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోల్లో కలిసే ఉంటుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగిపోతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు ముందు వెళ్లేది ఆ పొర. అది సరిగా మండదు, ఇనుప ట్యాంకును లోపలి నుంచి తినేస్తుంది. పైన మిగిలిన పెట్రోలుకూ ఆక్టేన్, అంటే ఇంజిన్ కొట్టుకోకుండా మండే గుణం, తగ్గిపోతుంది.

మన వైపు వాతావరణం దీనికి అనుకూలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరులో తుపానులు. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో చలికాలం పగటి ఎండకూ రాత్రి చలికీ చాలా తేడా. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఆ తేడాకు లోపలి గోడల మీద చెమ్మ పడుతుంది, అది చుక్కచుక్కగా కిందకు చేరుతుంది. కాబట్టి మన దగ్గర ట్యాంకులో మూడు నెలలు దాటిన పెట్రోలును అనుమానించాలి. ఆరు నెలలు దాటితే పనికిరాదని అనుకునే పని మొదలుపెట్టాలి. డీజిల్ ఇంకొంచెం ఆగుతుంది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. దాని జబ్బులు వేరు, వాటి గురించి విడిగా రాశాను.

ఇంకో మాట. కొన్నేళ్లుగా ఒడిశా బంకుల్లో ఆంధ్ర కంటే ధర తక్కువ. అందుకని సరిహద్దు ఊళ్లలో కొందరు డబ్బాల్లో తెచ్చి ఇంట్లో నిలవ చేస్తారు. ఆగిన కారులోని పాత పెట్రోలు తీసేసి, దాని బదులు డబ్బాలో ఏడాది నుంచి ఉన్నది పోస్తే పడ్డ శ్రమంతా వృథా. ఈ పనికి అదే రోజు బంకు నుంచి తెచ్చిన పెట్రోలే వాడండి.

చోటు, నిప్పు

ఇది చదవకుండా కిందకు వెళ్లకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేలమీద పాకుతూ వెళ్లి పది అడుగుల దూరంలోని పొయ్యిని కూడా అందుకోగలదు. అందుకని మూసిన షెడ్డులో, కారు కింద గొయ్యి ఉన్న చోట, వంటింటి పక్కన ఈ పని చేయకండి. బండిని నెట్టుకుంటూ ఆరుబయటకు తెండి. కట్టెల పొయ్యి, అగరుబత్తి, బీడీ, గ్రైండర్, వెల్డింగ్ దగ్గర్లో ఏవీ ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

మొదటి పని బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయడం. డ్రై పౌడర్ ఆర్పే సిలిండర్ ఒకటి చేతికందే చోట పెట్టుకోండి, రెండు బకెట్ల పొడి ఇసుక కూడా. మండుతున్న పెట్రోలు మీద నీళ్లు పోస్తే మంట నీటితో పాటు పాకుతుంది. చేతికి నైట్రైల్ గ్లవ్స్, కంటికి అద్దాలు వేసుకోండి. నైలాన్ చీర, పాలిస్టర్ చొక్కా కంటే నూలు బట్టలు మేలు.

పెట్రోలును కూల్‌డ్రింకు సీసాల్లో పట్టకండి. మూత గట్టిగా బిగిసే ఇనుప డబ్బా తీసుకోండి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి లైసెన్సు లేకుండా ఉంచుకోగల పెట్రోలు మొత్తం 30 లీటర్లు. ఆ డబ్బాను నేలమీద పెట్టి నింపండి. చేత్తో గాలిలో పట్టుకుని నింపితే స్థిరవిద్యుత్ నిప్పురవ్వ పుట్టవచ్చు.

ముందు కళ్లతో, ముక్కుతో

పానా పట్టకముందే బండి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. కింద తడి మరక ఉందా? పెట్రోలు వాసన ఎక్కడ గట్టిగా వస్తోంది? బానెట్ ఎత్తి పైపుల మీద పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడండి. కోతల తర్వాత పొలాల ఎలుకలు ఇళ్లకు చేరతాయి, వెచ్చగా చీకటిగా ఉన్న కారు వాటికి మంచి చోటు. రబ్బరు పైపులు, వైర్ల తొడుగులు కొరికేస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల గడ్డి, దూది గూడు కనబడడం చాలా మామూలు.

ఎలుకల కంటే ఎక్కువగా మోసం చేసేది కుమ్మరి పురుగు. ట్యాంకుకు గాలి ఆడే సన్నటి గొట్టం (వెంట్ గొట్టం) మూతిలో అది మట్టి గూడు కడుతుంది. బయటికి ఏమీ తెలియదు. బండి స్టార్ట్ అవుతుంది, కొంత దూరం పోయి ఆగిపోతుంది. ట్యాంకులోకి గాలి రాకపోతే లోపల శూన్యం ఏర్పడి పంపు పీల్చలేకపోతుంది మరి. సైలెన్సర్ మూతి కూడా చూడండి.

తర్వాత ఇంజిన్ ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తున్నా, గుర్తు కంటే ఆయిల్ మట్టం ఎక్కువగా ఉన్నా పెట్రోలు ఆయిల్లోకి దిగిందని అర్థం. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ మారుతి 800 లాంటి వాటిలో పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. దాని లోపలి డయాఫ్రమ్ (కదిలే పలచటి పొర) చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజిన్ అడుక్కే పోతుంది. అలాంటి ఆయిల్‌తో ఇంజిన్ తిప్పితే బేరింగులు అరిగిపోతాయి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాకే ముందుకు వెళ్లండి.

వంశధార, నాగావళి వరద నీళ్లు తలుపుల దాకా వచ్చిన బండి అయితే ఈ మార్గదర్శి సరిపోదు. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో గజపతి, రాయగడ జిల్లాల్లో చాలా చోట్ల అలా జరిగింది. ఇంజిన్, గేర్‌బాక్సు, వైరింగు అన్నీ విప్పి చూడాలి. దాన్ని మెకానిక్ చేతికే ఇవ్వండి.

ట్యాంకులో ఉన్నదాన్ని పరీక్షించడం

ట్యాంకు మూత తెరవగానే ముక్కుకు తెలుస్తుంది. తాజా పెట్రోలు ఘాటుగా ఉంటుంది. పాడైనది పుల్లగా, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు వాసన వేస్తుంది. వాసన ఒక్కదాన్నే నమ్మకుండా కొంచెం బయటికి తీసి చూడండి. గాజు సీసాలోకి పావు లీటరు తీసి, కదపకుండా అరగంట నీడలో ఉంచండి. తేటగా, లేత రంగులో ఒకే ద్రవంగా ఉంటే మంచిది. మబ్బుగా ఉన్నా, అడుగున వేరే పొర కనబడినా నీరు చేరినట్టు. టీ డికాక్షన్ రంగుకు తిరిగితే బంక కట్టినట్టు. అడుగున ఎర్రటి పొడి దిగితే అది ట్యాంకు తుప్పు.

ఇంకో పరీక్ష బంకుల్లో కల్తీ చూడటానికి వాడే ఫిల్టర్ పేపర్‌ది. అడిగితే బంకు వాళ్లు ఇవ్వాలి. ఒక చుక్క వేసి ఆరనివ్వండి. మరక లేకుండా ఆరితే సరే, జిడ్డు వలయం మిగిలితే దాన్ని ఇంజిన్‌కు ఇవ్వకండి.

ఇవన్నీ బాగున్నాయి, బండి ఆగి మూడు నాలుగు నెలలే అయింది అనుకోండి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయనక్కర్లేదు. పాతదానికి కనీసం రెండింతలు కొత్త పెట్రోలు పోసి కింద చెప్పిన తనిఖీలు చేసుకుంటే చాలు. అనుమానం ఉంటే మాత్రం ఖాళీ చేసేయండి. ఇరవై లీటర్ల పెట్రోలు ఖరీదు, పంపో ఇంజెక్టర్లో మార్చే ఖర్చు ముందు చాలా తక్కువ. క్లీనర్ సీసా పోస్తే పాడైన పెట్రోలు బాగవుతుందని దుకాణాల్లో చెబుతుంటారు. అవి పల్చటి మురికిని కరిగిస్తాయి, అంతవరకే. ముదిరిన పెట్రోలును తిరిగి మంచిది చేసే మందు లేదు.

ఖాళీ చేయడం

నోటితో పైపు పీల్చి పెట్రోలు తీయడం మన ఊళ్లలో అందరూ చేసేదే. దయచేసి చేయకండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మధ్యలో రబ్బరు బుడ్డి ఉన్న చేతిపంపు స్పేర్ పార్టుల దుకాణంలో దొరుకుతుంది, ధర కూడా ఎక్కువ కాదు.

పాత ట్యాంకుల్లో కొన్నిటికి అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది. అది ఉంటే అదృష్టమే, నీరూ మురికీ ముందు దాన్నుంచే వస్తాయి. కొత్త కార్లలో పెట్రోలు పోసే గొట్టంలోంచి పైపు లోపలికి దిగకుండా అడ్డు ఉంటుంది. బలంగా తోయకండి, లోపలి వాల్వు విరుగుతుంది. కొన్ని మోడళ్లలో వెనక సీటు కింద ఒక రేకు మూత ఉంటుంది, అది తీస్తే పంపు పై భాగం కనబడుతుంది. లేకపోతే ట్యాంకు కిందకు దించాల్సిందే. అలా దించాలంటే జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టండి.

పంపును బయటికి తీసే ముందు పైపుల్లో మిగిలిన ఒత్తిడి వదలాలి. ఇంజెక్షన్ బండి (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్నది) ఆపాక కూడా కొంతసేపు ఒత్తిడి నిలుస్తుంది. ఏళ్లు ఆగిన దానిలో మిగిలి ఉండే అవకాశం తక్కువ. అయినా జాయింటు మీద గుడ్డ కప్పి నెమ్మదిగా వదులు చేయడం అలవాటు చేసుకోండి. పంపు బయటికి వచ్చాక దాని కింద ఉండే జల్లెడ చూడండి. గోధుమ రంగు జిగురు పట్టి ఉంటే దాన్ని కడిగి వాడేకంటే కొత్తది వేయడం నయం. మూత కింద రబ్బరు సీలు తప్పనిసరిగా కొత్తది.

ఇప్పుడు ట్యాంకు లోపలి సంగతి. టార్చి లైటు దూరంగా వెలిగించుకుని తెచ్చి, బయట నుంచే లోపలికి వెలుగు వేయండి. ప్లాస్టిక్ ట్యాంకు అయితే రెండు లీటర్ల కొత్త పెట్రోలు పోసి కదిపి తీసేస్తే సాధారణంగా సరిపోతుంది. ఇనుప ట్యాంకులో పలచటి తుప్పు రంగు కనబడితే అలాగే రెండు మూడుసార్లు కడిగి, వచ్చిన ద్రవం తేటగా అయ్యేదాకా చేయండి. పెచ్చులుగా తుప్పు రాలుతుంటే ఎంత కడిగినా ఆగదు, ఆ ట్యాంకు మార్చాలి. చిల్లి పడిన ట్యాంకును వెల్డింగ్‌కు ఇవ్వడం చాలా ప్రమాదం. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆవిరి, అంటుకుంటే పేలేది ఆవిరే. కడిగి ఎండబెట్టినా మూలల్లో మిగులుతుంది.

పైపులు, ఫిల్టర్

ఇనుప గొట్టాలు చాలావరకు మన్నుతాయి, వాటిని కలిపే రబ్బరు ముక్కలే మోసం చేస్తాయి. ఒక్కొక్కటి రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. పైన సన్న పగుళ్లు కనబడినా, కర్రలా గట్టిపడినా, ఉబ్బి మెత్తబడినా మార్చేయాలి. 2023 ఏప్రిల్‌కు ముందు వచ్చిన కార్లలో చాలావాటి రబ్బరు 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అవి పాత పెట్రోలుతో ఏళ్లు బాగున్నా ఇప్పటి పెట్రోలుతో కారడం మొదలుపెట్టవచ్చు. నా సలహా ఏమిటంటే, పదేళ్లు దాటిన బండిలో చూడటానికి బాగున్నా సరే రబ్బరు పైపులన్నీ ఒకేసారి మార్చేయండి.

పైపు కొనేటప్పుడు దాని మీద ముద్ర చదవండి. కార్బురేటర్ బండికి ఎస్‌ఏఈ జె30 అనే ఇంధన పైపుల ప్రమాణంలో ఆర్7 రకం చాలు. ఇంజెక్షన్ బండిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆర్9 కావాలి. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకు ఆర్10 వేరే రకం. నీళ్ల పైపు, వైపర్ పైపు వేసి క్లిప్పు బిగించేవాళ్లున్నారు. వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రాయగడలో సరైన పైపు దొరక్కపోతే విజయనగరం నుంచో బరంపురం నుంచో తెప్పించుకోండి, రెండు రోజులు ఆలస్యమైతే అయింది.

ఫిల్టర్‌ను పరీక్షించడం అనవసరం, కొత్తది వేయండి. దాని మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. ఒకటి అదనంగా కూడా కొనుక్కోండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కార్బురేటర్ ఉన్న బండి

కార్బురేటర్ అడుగు గిన్నెలో ఉండిపోయిన పెట్రోలు పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, దాని బంక జెట్లలో, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కల్లో, ఉంటుంది. విప్పకుండా పైనుంచి స్ప్రే కొట్టి సరిపెట్టడం రెండు రోజుల ముచ్చటే. గిన్నె విప్పండి. ప్రతి భాగం విప్పేముందు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఫోను మాత్రం పెట్రోలుకు దూరంగా ఉంచండి. అల్యూమినియం మీద తెల్లటి పొడి కనబడితే అది నీరు చేసిన పని.

మెయిన్ జెట్, ఐడిల్ జెట్ బయటికి తీసి కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి రంధ్రం స్పష్టంగా కనబడాలి. సూది, ఇనుప తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా పెట్రోలు కొలత మారిపోతుంది. చేపల గాలం దారం వాడుకోవచ్చు, లేదా పంక్చర్ షాపు వాళ్ల గాలితో ఊదించండి. గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం చప్పుడైతే అది చిల్లిపడింది, మునిగిపోతుంది, పెట్రోలు పొంగుతుంది. సూది వాల్వు, గాస్కెట్లు, యాక్సిలరేటర్ పంపు రబ్బరు కలిపి రిపేర్ కిట్‌గా దొరికితే మొత్తం మార్చేయండి.

తిరిగి బిగించాక గిన్నెలోకి కొత్త పెట్రోలు చేరేదాకా పంపు చేతి మీట ఉంటే దానితోనే నింపండి. కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టే పద్ధతిని ఎంత పెద్ద మేస్త్రి చెప్పినా ఒప్పుకోకండి. ఇంజిన్ వెనక్కి కొడితే మంట సరిగ్గా పోస్తున్న చేతి మీదకే వస్తుంది.

ఇంజెక్షన్ బండి

2000 తర్వాతి పెట్రోలు కార్లు దాదాపు అన్నీ ఇవే. వీటి పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేదీ తడిపి ఉంచేదీ ఆ పెట్రోలే. కాబట్టి ఖాళీ ట్యాంకుతో తాళం ఆన్ చేయకూడదు. కనీసం పది లీటర్లు కొత్తది పోశాకే బ్యాటరీ కలపండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. సగం చచ్చిన బ్యాటరీతో పంపు నీరసంగా తిరుగుతుంది, పంపే చెడిపోయిందని పొరబడతాం.

తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పి వినండి. వెనక సీటు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నటి గుయ్‌మనే చప్పుడు వచ్చి ఆగాలి. ఆఫ్ చేసి, కొంచెం ఆగి మళ్లీ. ఇలా నాలుగైదుసార్లు చేస్తే పైపులు, ఇంజెక్టర్ల రైలు నిండుతాయి, గాలి ట్యాంకులోకి పోతుంది. ప్రతిసారీ ఒకరు బానెట్ దగ్గర, ఒకరు ట్యాంకు దగ్గర ఉండి తడి ఎక్కడైనా వస్తోందేమో చూడాలి. ఈ పని ఒంటరిగా చేయకండి.

చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు, రిలే, కనెక్టర్ చూడండి. కనెక్టర్‌లో ఆకుపచ్చ తుప్పు చాలాసార్లు దోషి. అవన్నీ బాగుంటే పంపు బిగుసుకుపోయినట్టు. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే కొన్నిసార్లు కదులుతుంది. అలా కదిలిన పంపును నమ్మి జయపురం ఘాటు ఎక్కకండి, మార్చేయండి. ప్రెషర్ గేజి ఉన్న మెకానిక్ దొరికితే చూపించండి. సాధారణ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో చాలావాటికి ఒత్తిడి 3 నుంచి 4 బార్ (ఒత్తిడి కొలత) మధ్య ఉండాలి, ఆపాక వెంటనే పడిపోకూడదు. మీ మోడల్ అంకె సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

ఇంజెక్టర్లు మూసుకుపోతే అల్ట్రాసోనిక్ యంత్రం ఉన్న చోట శుభ్రం చేయించాలి. తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులు కొత్తవి వేసి, ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాయాలి. పొడిగా తోస్తే కోసుకుపోతాయి. పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో ఇంజిన్ దగ్గరి ఒత్తిడి 100 బార్ దాటుతుంది. అక్కడ పానా పెట్టే పని ఇంట్లో వద్దు.

డీజిల్ బండి

డీజిల్‌లో నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నల్లటి, గోధుమ రంగు జిగురు తేలుతుంది, అది ఫిల్టర్‌ను గంటల్లో మూసేస్తుంది. ఫిల్టర్ కింద ఉన్న నీటి డ్రెయిన్ మర వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. జిగురు కనబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగాల్సిందే, ఫిల్టర్ ఒక్కటి మార్చితే లాభం లేదు.

పాత జీపులు, డీజిల్ అంబాసిడర్లలో ఫిల్టర్ మీద, ఇంజెక్షన్ పంపు మీద గాలి తీసే మరలు ఉంటాయి. చేతిపంపు కొడుతూ బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించాలి. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త కామన్ రైల్ బండ్లలో చేతి బుడ్డి గట్టిపడేదాకా నొక్కితే చాలు. ఇంజిన్ దగ్గరి ఇనుప పైపుల నట్లు మాత్రం వదులు చేయకండి. అక్కడ ఒత్తిడి 1,600 బార్, అంతకంటే ఎక్కువ కూడా. సన్నటి జల్లు చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. కొత్త ఫిల్టర్‌లో శుభ్రమైన వైపు, అంటే వడకట్టిన డీజిల్ ఇంజిన్‌కు వెళ్లే వైపు, బయటి డీజిల్ పోసి నింపకండి.

స్టార్ట్ అవడానికి ఈథర్ స్ప్రే కొట్టకండి. చల్లటి డీజిల్ ఇంజిన్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు వేడిగా ఉండగా అది ఇన్‌టేక్ గొట్టంలోనే పేలుతుంది. కిరోసిన్ కలపడమూ వద్దు, డీజిల్‌కు ఉండే జిడ్డు తగ్గి పంపు అరిగిపోతుంది. యాడ్‌బ్లూ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే యూరియా ద్రవం) ట్యాంకు ఉన్న బీఎస్6 బండి ఏడాదికి పైగా ఆగితే ఆ ద్రవం కూడా మార్పించండి.

ఇక తాళం

ఇంధనం కలపకముందు ఇంజిన్‌కు ఆయిల్ అందాలి. పంపు ఫ్యూజు తీసేసి, ఐదారు సెకన్ల చొప్పున, మధ్యలో అర నిమిషం ఆగుతూ సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరిపోయేదాకా చేయాలి. రెండేళ్లకు పైగా ఆగితే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. ప్లగ్గులు బయట ఉండగా సెల్ఫ్ కొట్టాలంటే కాయిల్ కనెక్షన్ కూడా తీసేయాలి, లేకపోతే నిప్పురవ్వ పెట్రోలు ఆవిరిని అందుకుంటుంది.

తర్వాత ప్లగ్గులు బిగించి, ఫ్యూజు పెట్టి, పైన చెప్పినట్టు పంపును నాలుగైదుసార్లు ఆడించి స్టార్ట్ చేయండి. పది సెకన్లలో అందుకోకపోతే ఆపి ఒక నిమిషం ఆగండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఎక్కువైపోయినట్టు. చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, సిలిండర్లు ఆరతాయి. వీధిలో కుర్రాళ్లను పిలిచి తోయించకండి. మండని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి తర్వాత అక్కడ మండుతుంది, అది ఖరీదైన భాగం.

స్టార్ట్ అయ్యాక సంతోషంలో వెంటనే రేస్ చేయకండి. మొదట పొగ రావడం, కొంచెం వణకడం సహజం. పది నిమిషాలు ఐడిల్‌లో వదిలి, పొడి తెల్లగుడ్డతో ప్రతి జాయింటు తుడిచి చూడండి. తడి అంటితే వెంటనే ఆపండి. బాగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతే ట్యాంకు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, తర్వాత బండి మామూలుగా నడిస్తే వెంట్ గొట్టం మూసుకుపోయింది. మూత తెరిచినా తేడా లేకపోతే ఫిల్టర్ మళ్లీ నిండింది.

మొదటి ప్రయాణం పార్వతీపురం దాకా పెట్టుకోకండి. ఊరి చుట్టూ తిరగండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పదిహేనేళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ ఉన్నాయో లేదో ఆ ముందే చూసుకోండి. 500 కిలోమీటర్లలోపు ఆ అదనపు ఫిల్టర్ వేసేయండి. కొత్త ఇంధనంలోని ఇథనాల్ లోపలి గోడలకు అంటిన పాత మురికిని వదిలిస్తుంది, అదంతా చేరేది ఫిల్టర్‌కే.

తీసిన పాత పెట్రోలు, మళ్లీ ఆపాల్సివస్తే

తీసిన పెట్రోలును కాలువలో, బావి పక్క మట్టిలో, పొలం గట్టు మీద పోయకండి. కొన్ని లీటర్లు చాలు, ఆ చుట్టుపక్కల నీటిని పాడుచేయడానికి. చెత్త కాల్చడానికీ వాడకండి. వాడేసిన ఆయిల్ సేకరించి అప్పగించే వర్క్‌షాపు ఏదో కనుక్కుని, ఇనుప డబ్బాలో, మీద స్పష్టంగా రాసి ఇవ్వండి.

బండిని మళ్లీ నెలల తరబడి ఆపాల్సివస్తే వానలు మొదలవకముందే ట్యాంకు నిండా కొత్త పెట్రోలు కొట్టించండి. నిండుగా ఉంటే లోపల చెమ్మకు చోటుండదు. స్టెబిలైజర్ మందు వేస్తే వేసిన తర్వాత పది నిమిషాలు ఇంజిన్ నడపండి, అప్పుడే అది పైపుల చివరిదాకా చేరుతుంది. కార్బురేటర్ బండిలో పెట్రోలు కుళాయి కట్టేసి గిన్నె ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. ఇంజెక్షన్ బండిలో అలా చేయకూడదు. వెంట్ గొట్టం మూతికి సన్నటి ఇత్తడి జల్లెడ చుట్టండి, టేపు అంటించకండి, గాలి ఆడాలి. పెట్రోలు కొట్టించిన తేదీ, ఫిల్టర్ మార్చినప్పటి కిలోమీటర్ రీడింగు, మార్చిన పైపులు ఏవేవో ఒక చీటీ మీద రాసి ఆర్‌సీ కవర్లో పెట్టండి. తర్వాత బండి తీసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని చూసి తెలుసుకుంటారు.